మెగ్నీషియము మాత్రలు: ఎన్నిక, వాడుక, జాగ్రత్తలు

గ్రామములలో బలమునకు మందు వాడుట క్రొత్త సంగతి కాదు. కాని ఆ మందు గ్రామమునకు వచ్చు త్రోవ మారినది. ఒకప్పుడు డాక్టరు వ్రాసి యిచ్చిన చీటిని పట్టుకొని మందుల దుకాణమునకు వెళ్ళెడివారు. నేడు ఫోనులో ప్రకటన చూచి, సీసాను ఇంటి గుమ్మము కడకే తెప్పించుకొనుచున్నారు. ఇట్లు వచ్చుచున్న వానిలో మెగ్నీషియము మాత్రలు కూడ కలవు. పిక్కలు పట్టినను, నిద్ర రాకున్నను, నీరసము కలిగినను ఇవి వాడవలెనని ప్రకటనలు చెప్పుచున్నవి.

“ఇవి వాడవచ్చునా?” అని పొరుగువారు పంచాయతీ సభ్యులను అడుగుట సహజము. సభ్యులు వైద్యులు కారు. మందు చెప్పుట వారి పని కాదు. అయినను, మాత్ర మ్రింగుటకు ముందు ఏయే ప్రశ్నలు వేసికొనవలెనో తెలిసియున్నచో, గ్రామస్థుల ధనమును కాపాడవచ్చును. ఒక్కొక్కప్పుడు ప్రాణమును కూడ కాపాడవచ్చును. ఈ పాఠపు సారాంశ మొక్కటే: ఆహారము వలన వచ్చు మెగ్నీషియమునకు ఆరోగ్యవంతులు భయపడ నక్కరలేదు, సీసాలో వచ్చు మెగ్నీషియమును వాడుటకు ముందు మూత్రపిండముల సంగతి తెలిసికొని తీరవలెను.

శరీరములో దీని పని

మెగ్నీషియము ఒక లోహము. 1808లో హంఫ్రీ డేవీ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దీనిని మొదటిసారి విడదీసెను. మన శరీరములో ఇది లోహముగా గాక లవణముల రూపమున నుండును. పెరిగిన మనిషి దేహములో మొత్తము సుమారు 25 గ్రాములు ఉండును. ఇందులో సగమునకు పైగా ఎముకలలోను, మిగిలిన దానిలో చాల భాగము కండరములు మొదలగు మెత్తని అవయవములలోను ఇమిడియున్నది. రక్తద్రవములో నుండునది నూటికి ఒక పాలైనను కాదు. కావున రక్తపరీక్షలో అంకె సరిగా నున్నంత మాత్రమున దేహమంతట సమృద్ధిగా నున్నదని చెప్పుటకు వీలులేదు.

పరిమాణము స్వల్పమే అయినను పని గొప్పది. 300లకు పైగా ఎంజైములకు ఇది తోడ్పడును. తిన్న ఆహారమును శక్తిగా మార్చుటకు, కండరము బిగిసి మరల సడలుటకు, నరములు పని చేయుటకు, గుండె క్రమముగా కొట్టుకొనుటకు ఇది అవసరము.

దేహములో దీని పాలును సరిచూచు కాపలాదారులు మూత్రపిండములు. లోటు ఉన్నచో అవి మెగ్నీషియమును బయటకు పోనీయక నిలిపియుంచును. ఎక్కువైనచో మూత్రము ద్వారా వెడలగొట్టును. ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకొన్నచో పాఠములోని మిగిలిన జాగ్రత్తలన్నియు సులభముగా బోధపడును.

మన పంటలలోనే కలదు

భారత వైద్య పరిశోధన మండలియు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థయు 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారము పెరిగిన పురుషునకు దినమునకు 440 మిల్లీగ్రాములు, స్త్రీకి 370 మిల్లీగ్రాములు మెగ్నీషియము కావలెను. ఇది ముఖ్యముగా ఆహారము నుండి రాదగినది.

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికలను చూచినచో ఏ ధాన్యము ఎంత ఇచ్చునో తెలియును. 100 గ్రాముల రాగులలో సుమారు 146 మిల్లీగ్రాములు, జొన్నలలో 133, సజ్జలలో 124 మిల్లీగ్రాములు కలవు. మరపట్టి తెల్లగా చేసిన బియ్యములో సుమారు 19 మిల్లీగ్రాములు మాత్రమే యున్నవి. అదే బియ్యము తవుడు పోని ముడిబియ్యమైనచో 90కి పైబడి యుండును. అనగా ధాన్యములోని మెగ్నీషియములో చాల భాగము మిల్లులో తవుడుతో పాటు పోవుచున్నది. ఆ తవుడు పశువులకు పోయుచు, మనము సీసా కొనుక్కొనుట ఆలోచింపదగిన విషయము.

ఒక లెక్క చూడుడు. దినమునకు 300 గ్రాముల తెల్లబియ్యము తినువానికి ఆ అన్నము వలన వచ్చునది 60 మిల్లీగ్రాములలోపే. గంజి వార్చినచో అందులోను కొంత పోవును. అదే మనిషి ఒకపూట 100 గ్రాముల రాగిపిండితో సంకటి తిని, సాయంకాలము 30 గ్రాముల వేరుసెనగ పప్పు తిన్నచో, ఈ రెంటి వలననే దాదాపు 200 మిల్లీగ్రాములు లభించును. నువ్వులు, గుమ్మడి గింజలు, పప్పుధాన్యములు, తోటకూర వంటి ఆకుకూరలు కూడ దీనికి మంచి ఆకరములు. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఆ ఏటనే ఆంధ్రప్రదేశ్ బడులలో మధ్యాహ్న భోజన పథకము క్రింద రాగిజావ ఇచ్చుట మొదలయినది. ఇట్టి యేర్పాటులు మాత్రల కంటె చౌక, మేలు.

త్రాగునీటిలో కూడ మెగ్నీషియము కొంత యుండును. పంచాయతీకి వచ్చు నీటి పరీక్షా పత్రములలో దీని అంకె సభ్యులు చూచియే యుందురు. భారతీయ ప్రమాణము ప్రకారము లీటరుకు 30 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యము. వేరు నీటివసతి లేనప్పుడు 100 వరకు అనుమతింతురు. గట్టినీరు ఉన్న గ్రామమున జనులకు నీటి ద్వారానే కొంత మెగ్నీషియము చేరుచున్నదని దీనిని బట్టి గ్రహింపవలెను.

మాత్రలు ఎవరికి అవసరము

ఆరోగ్యముగా నుండి నానావిధ ఆహారము తినువారికి సాధారణముగా ఈ మాత్రలతో పని లేదు. దీర్ఘకాలము విరేచనములతో బాధపడువారు, ప్రేవుల వ్యాధి గలవారు, మధుమేహము అదుపులో లేనివారు, విశేషముగా మద్యము త్రాగువారు మెగ్నీషియమును కోల్పోవుచుందురు. మూత్రము జారీ చేయు కొన్ని మందులను, కడుపులో ఆమ్లమును తగ్గించు ఓమెప్రజోల్ తరగతి మాత్రలను నెలల తరబడి వాడువారికి కూడ లోటు కలుగవచ్చును. ఇట్టివారికి డాక్టరు పరీక్షించి మాత్రలు వ్రాయుట కలదు.

లోటు ముదిరినచో ఆకలి మందగించుట, వాంతి వచ్చునట్లుండుట, నీరసము, తిమ్మిరి, కండరములు కొంకర్లు పోవుట, గుండె లయ తప్పుట వంటివి కలుగును. అయితే ఈ లక్షణములే మరెన్నో వ్యాధులలో కూడ కనబడును. నీరసము రక్తహీనత వలన కావచ్చును, మధుమేహము వలన కావచ్చును, క్షయ వలన కావచ్చును. కారణము తెలియక మాత్ర మ్రింగుచు పోయినచో అసలు వ్యాధి లోపల ముదురును. మెగ్నీషియము వలన కలుగు నష్టము కంటె ఈ ఆలస్యము వలన కలుగు నష్టము ఒక్కొక్కప్పుడు హెచ్చు.

రాత్రివేళ పిక్కలు పట్టుటకు ఇది దివ్యౌషధమను ప్రచారము విశేషముగా నున్నది. దీనిపై జరిగిన పరిశోధనల నన్నిటిని కూర్చి 2020లో కోక్రేన్ సంస్థవారు పరిశీలించిరి. వృద్ధులకు పిక్కలు పట్టుటను నివారించుటలో మెగ్నీషియము చెప్పుకోదగిన మేలు చేయదనియే వారు తేల్చిరి. నిద్రకు పనికివచ్చునను మాటకు కూడ గట్టి ఆధారము ఇంతవరకు లేదు.

కొనునప్పుడు చూడవలసినవి

డాక్టరు వాడుమని చెప్పిన పిమ్మట మాత్రలను ఎన్నుకొనుట ఎట్లు? సీసాపైని పెద్ద అక్షరములను గాక, వెనుకనున్న చిన్న అక్షరములను చదువవలెను.

మొదటిది, లోహపు పాలు. మెగ్నీషియము ఎప్పుడును మరియొక పదార్థముతో కలిసి లవణముగానే మాత్రలో నుండును. లవణపు బరువు వేరు, అందులోని మెగ్నీషియపు బరువు వేరు. ఆక్సైడు అను రకములో నూటికి 60 పాళ్ళు మెగ్నీషియము. సిట్రేటు రకములో సుమారు 16 పాళ్ళు. గ్లైసినేటు రకములో సుమారు 14 పాళ్ళు. కావున 500 మిల్లీగ్రాముల ఆక్సైడు మాత్రలో 300 మిల్లీగ్రాముల మెగ్నీషియ ముండగా, అదే 500 మిల్లీగ్రాముల గ్లైసినేటు మాత్రలో 70 మాత్రమే యుండును. “ఎలిమెంటల్ మెగ్నీషియం” అని వ్రాసిన చోట గల అంకెయే అసలైన అంకె. ఆ అంకె వ్రాయని సీసాను కొనకుండుట మంచిది.

రెండవది, ఒంటికి పట్టు గుణము. ఆక్సైడులో మెగ్నీషియము హెచ్చుగా నున్నను అది ప్రేవులలో తక్కువగా ఇంకును. మిగిలినది విరేచనము కలిగించును. సిట్రేటు, క్లోరైడు వంటివి నీటిలో తేలికగా కరగును గనుక అంతకంటె బాగుగా ఇంకును. అయితే సిట్రేటు కూడ మోతాదు మించినచో భేదియగును. ధర హెచ్చయినంత మాత్రమున గుణము హెచ్చు కాదు.

మూడవది, మోతాదు. ఆహారములోనిది గాక, మాత్రల ద్వారా పెద్దలు దినమునకు 350 మిల్లీగ్రాములు మించరాదని 1997లో అమెరికా వైద్య నిపుణుల సంఘము హద్దు నిర్ణయించినది. ఒకటి మొదలు మూడేండ్ల పిల్లలకు ఈ హద్దు 65, నాలుగు మొదలు ఎనిమిదేండ్ల వారికి 110 మాత్రమే. పెద్దల మాత్రను సగము విరిచి పిల్లలకు పెట్టుట ఎన్నడును కూడదు. మాత్రను భోజనముతో పాటు తీసికొన్నచో కడుపునకు ఇబ్బంది తగ్గును.

నాల్గవది, అనుమతి. ఆహార అనుబంధముగా అమ్ము సీసాపై భారత ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు సంఖ్య యుండవలెను. తయారైన తేది, గడువు తేది, బ్యాచి సంఖ్య, తయారుచేసిన వారి చిరునామా యుండవలెను. ఇట్టి వస్తువు ఔషధముగా వాడుటకు కాదని కూడ సీసాపైననే వ్రాసియుండును. సీసాపై అట్లు వ్రాసి, నోటితో మాత్రము “రోగము కుదుర్చును” అని చెప్పి అమ్మువానిని నమ్మరాదు.

మూత్రపిండముల వ్యాధి ఉన్నచో

ఇది ఈ పాఠమునకు ప్రాణము వంటి భాగము. మూత్రపిండములు బాగుగా నున్న మనిషి మెగ్నీషియము కొంత ఎక్కువ తీసికొన్నను, విరేచనములతోను మూత్రముతోను అది వెడలిపోవును. మూత్రపిండములు దెబ్బతిన్నవానికి ఆ ద్వారము మూతపడినట్లే. దినదినము మ్రింగిన మాత్ర రక్తములో పేరుకొనును. మొదట వాంతి, ముఖము వెచ్చబడుట, మగత కలుగును. పిమ్మట రక్తపోటు పడిపోవును, కండరములు పట్టు తప్పును, ఊపిరి మందగించును. చివరకు గుండె ఆగవచ్చును.

కష్టమేమనగా, మూత్రపిండముల వ్యాధి చాలకాలము వరకు పైకి కనబడదు. మధుమేహము, రక్తపోటు గలవారిలో అనేకులకు అది లోలోపల మొదలై యుండును. శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము ప్రాంతమును ఎరుగని వారుండరు. కొబ్బరి, జీడిమామిడి తోటలతో పచ్చగా కనిపించు కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములలో ఎన్నో కుటుంబములు ఈ వ్యాధి వాత పడినవి. దానికి మూలకారణ మిదియేనని ఇంకను తేలలేదు. రోగుల కొరకు 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేక ఆస్పత్రియు పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడినవి. అట్టి ప్రాంతమున “నీరసమునకు మెగ్నీషియము” అని ఇంటింట సీసాలు అమ్ముట ఎంత ప్రమాదమో సభ్యులే ఊహింపగలరు. నీరసమునకు మూత్రపిండముల వ్యాధియే కారణమైనచో, బలమునకని వాడిన మాత్రయే విషమగును.

కావున మధుమేహము గలవారు, రక్తపోటు గలవారు, అరువది యేండ్లు దాటినవారు, కుటుంబమున మూత్రపిండముల వ్యాధి గలవారు రక్తములో క్రియాటినిన్ పరీక్ష చేయించుకొని, డాక్టరుకు చూపి, ఆ తరువాతనే ఈ మాత్రల మాట తలపెట్టవలెను.

ఆస్పత్రిలో సైతము ఈ నియమము తప్పదు. గర్భిణీ స్త్రీలకు వచ్చు గుర్రపువాతమునకు మెగ్నీషియం సల్ఫేటు ఇంజెక్షను ప్రాణదాయకమైన మందు. దీనివలన ఆ మూర్ఛలు వచ్చు ప్రమాదము సగమునకు తగ్గునని 2002లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధన నిరూపించినది. అయినను మరల మోతాదు ఇచ్చుటకు ముందు మూత్రము సరిగా వచ్చుచున్నదా, శ్వాస సరిగా నున్నదా, మోకాలి చలనము సరిగా నున్నదా అని పరీక్షింతురు. శిక్షణ పొందినవారే ఇంత జాగ్రత్త పడు పదార్థమును మనము ప్రకటన చూచి మ్రింగవచ్చునా?

ఇతర మందులతో చిక్కులు

మెగ్నీషియము కొన్ని మందులను కడుపులోనే పట్టివేసి, ఒంటికి పట్టనీయదు. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు వాడువారు మెగ్నీషియము మ్రింగుటకు కనీసము రెండు గంటల ముందైనను, లేక నాలుగు మొదలు ఆరు గంటల పిమ్మటనైనను వానిని తీసికొనవలెను. లేనిచో జ్వరము తగ్గక, మందు మంచిది కాదను అపవాదు వచ్చును. థైరాయిడ్ మాత్రకును దీనికిని నాలుగు గంటల ఎడముండవలెను.

మరియొక సంగతి. కడుపు మంటకు త్రాగు తెల్లని ద్రవములలో అనేకమునందు మెగ్నీషియం హైడ్రాక్సైడు కలదు. మాత్రయు, ఆ ద్రవమును కలిపి వాడువారు తమకు తెలియకయే రెట్టింపు తీసికొందురు. డాక్టరు వద్దకు వెళ్ళునప్పుడు ఇంటిలోని సీసాలన్నిటిని సంచిలో వేసికొని పోయి చూపుట మంచి అలవాటు.

పొలమునకు తెచ్చిన సంచి వేరు

మన పల్లెలలో భేది ఉప్పు అనునది మెగ్నీషియం సల్ఫేటే. ప్రత్తి ఆకులు ఎఱ్ఱబారినప్పుడు లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున కలిపి చల్లునదియు ఇదియే. పేరు ఒక్కటే గదా అని పొలమునకు తెచ్చిన సంచిలోని పొడిని కడుపునకు వాడరాదు. అది మనుష్యులు తినుటకు తగిన శుద్ధితో తయారైనది కాదు. పైగా ఒక చెంచాడు పొడిలో, అనగా సుమారు 5 గ్రాములలో, 500 మిల్లీగ్రాముల వరకు మెగ్నీషియ ముండును. పైన చెప్పిన 350 హద్దును ఒక్క చెంచాయే దాటును. అట్టి సంచులను వంటయింటికి దూరముగా, పిల్లల చేతికి అందని చోట నుంచవలెను. ఉప్పు డబ్బాలలో పోయకూడదు.

ఎవరైనను ఇట్టి పొడిని గాని మాత్రలను గాని హెచ్చుగా మ్రింగి మగతగా నున్నచో, మాట ముద్దగా వచ్చినచో, ఊపిరి మందగించినచో, గృహవైద్యము చేయుచు కాలము గడుపక 108కి కబురుచేసి ఆస్పత్రికి చేర్పవలెను. సీసాను గాని సంచి లేబులును గాని వెంట తీసికొనిపోవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుద్ధ్యము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. కనుక ఈ విషయమున పంచాయతీ చేయగల పనులు కొన్ని కలవు.

1. బలము మందుల శిబిరము పెట్టుటకు పంచాయతీ ఆవరణను అడిగినవారిని లైసెన్సు చూపుమని కోరవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరుకు ముందుగా తెలుపక అనుమతి ఇయ్యరాదు. అరచేతిలో కడ్డీ పట్టించి దేహములోని లవణముల లోటు చెప్పు యంత్రములు శాస్త్రసమ్మతములు కావు.

2. మధుమేహము, రక్తపోటు గలవారికి క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు, ఎక్కడ జరుగునో ఆరోగ్య కార్యకర్తలను అడిగి, ఆ దినమును గ్రామసభలో ప్రకటింపవలెను.

3. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘపు సమావేశములో రాగి, జొన్న, సజ్జల వాడుకను గూర్చి చర్చింపవలెను. అంగన్వాడీలోను బడిలోను వీనికి గల స్థానమును పరిశీలింపవలెను.

4. లైసెన్సు సంఖ్య లేని సీసాలు, రోగము కుదుర్తుమని చెప్పి అమ్మెడు అనుబంధములు కనబడినచో జిల్లా ఆహార భద్రతా అధికారికి వ్రాతమూలకముగా తెలుపవలెను.

మెగ్నీషియము మనకు శత్రువు కాదు, దేహమునకు నిత్యావసరము. దానిని భూమి పంటలో నిచ్చుచున్నది, పంట పళ్ళెములో నిచ్చుచున్నది. లోటున్న చోట డాక్టరు మాత్రగా నిచ్చును. ఆ క్రమమును విడిచి, ప్రకటన నుండి నేరుగా నోటికి తెచ్చుకొన్నప్పుడే ప్రమాదము వచ్చును.

సమావేశములో చర్చించుటకు ప్రశ్నలు

1. మన గ్రామములో ఏయే బలము మందులు అమ్ముడగుచున్నవి? వానిపై లైసెన్సు సంఖ్య కలదా?

2. 500 మిల్లీగ్రాముల ఆక్సైడు మాత్రలోను, గ్లైసినేటు మాత్రలోను మెగ్నీషియము ఎంతెంత యుండును?

3. మూత్రపిండముల వ్యాధి గలవారికి ఈ మాత్రలు ఏల ప్రమాదకరము?

4. మన గ్రామపు నీటి పరీక్షా పత్రములో మెగ్నీషియము ఎంత యున్నది?

5. రాగులు, జొన్నలు మన యిండ్లలో వారమునకు ఎన్ని పూటలు వండుచున్నారు? ఆ పూటలను పెంచుటకు ఏమి చేయవచ్చును?